వెర్నన్ చేసిన తప్పు

బంతి ఇంకా గాల్లో ఉండగానే వెర్నన్ స్లోకమ్ కళ్ళు మూసుకున్నాడు.

అరవై వేల మంది ఒక్కసారిగా మూగబోయారు. కళ్ళు తెరిచి చూడనక్కర్లేకపోయింది.

అమెరికన్ ఫుట్‌బాల్ సెమీఫైనల్ అది. ఇంకో తొమ్మిది సెకన్లు ఎదుటి జట్టుని ఆపగలిగితే టొలీడో జట్టు ఫైనల్‌కి వెళ్ళేది. ఆ కాస్త సమయంలోనే మిల్వాకీ వాళ్ళు ఎడమ మూలకి దూరంగా బంతి విసిరారు. అక్కడ టొలీడో మనిషి ఒక్కడూ లేడు.

ఉండనివ్వనివాడు బ్రెట్ లిండ్‌క్విస్ట్. డిఫెన్స్ మొత్తానికి పెద్ద కోచ్. వయసు ముప్పై ఎనిమిది. వెర్నన్ అతని కింద అసిస్టెంటు. వయసు అరవై మూడు.

అర నిమిషం కిందటే పైన అద్దాల గదిలోంచి బ్రెట్ గొంతు, మైదానం అంచున నిలబడ్డ వెర్నన్ ఇయర్‌ఫోన్‌లో వినబడింది.

"అందర్నీ ముందుకి తోలెయ్. వాడు విసిరేలోపే మీద పడిపోవాలి."

"కోచ్, వెనక ఒక్కణ్ణన్నా ఉంచుదాం."

"నిన్నడిగానా? నీ పని సైగ చెయ్యడం. చెయ్యి."

వెర్నన్ చేశాడు.

ఆట అయ్యాక బ్రెట్ విలేకరుల ముందు తల అడ్డంగా ఊపాడు.

"మైదానంలోకి సైగ తప్పుగా వెళ్ళింది. అది వెర్నన్ చూసే పని. ఇంతకంటే నేనేం చెప్పను."

గోడ అవతల బెంచీ మీద కూర్చుని, బూట్లలోంచి ప్లాస్టిక్ సంచులు లాక్కుంటున్నాడు వెర్నన్. మంచులో పాదాలు తడవకుండా ముప్పై ఏళ్ళుగా అలాగే చుట్టుకుంటాడు. అన్నీ వినబడ్డాయి.

వెనక వరసలో ఆడే ట్రెవాన్ గేదర్ విసురుగా వచ్చాడు.

"తాతా, విన్నావా? సైగ నువ్వు సరిగ్గానే ఇచ్చావు. నేను చూశాను. ఇప్పుడే వెళ్ళి వాళ్ళందరి ముందూ చెప్తాను."

"చెప్పి ఏం చేస్తావు?"

"నిజం తెలుస్తుంది కదా!"

"తెలిస్తే వాణ్ణి పీకేస్తారు. వాడి బుర్రలో ఉన్న ఆట ఇంకెవడి బుర్రలోనూ లేదు. నోరు మూసుకుని స్నానానికి పో."

"నిన్ను పీకేస్తే?"

"నాకు అలవాటే." వెర్నన్ నవ్వాడు. "తొమ్మిది జట్లు మారాను. మా ఆవిడ జూన్‌ని అడుగు, గిన్నెలు కాగితాల్లో చుట్టడంలో దాన్ని మించిన మనిషి లేదు."

ట్రెవాన్‌కి నవ్వు రాలేదు. మూడేళ్ళ కిందట అన్ని జట్లూ వద్దన్న తనని వెర్నన్ ఒక్కడే రోజూ పొద్దున్నే నిలబెట్టి నేర్పాడు. ఎదుటివాడి కళ్ళు చూడకురా, నడుం చూడు, కళ్ళు అబద్ధమాడతాయి అనేవాడు.

మూడో రోజు బ్రెట్ జట్టు మేనేజరు గార్నర్ దగ్గరికి వెళ్ళాడు.

"వెర్నన్ నాకు వద్దు."

"వెర్నన్నా?" గార్నర్ కళ్ళజోడు తీశాడు. "ఇంకోసారి ఆలోచించుకో."

"మూడు దశాబ్దాలు చేసి అసిస్టెంటు దాటి ఒక్క మెట్టు ఎక్కలేదంటే అందులోనే తెలియడం లేదా? నా అసిస్టెంట్లని నేనే ఎంచుకుంటానని రాసుకున్నాం కదా."

రాసుకున్నారు. వెర్నన్‌ని తీసేసే కాగితం మీద గార్నర్ సంతకం పెట్టేశాడు.

వెర్నన్ సామాను ఒక్క అట్టపెట్టెలో సరిపోయింది. వెళ్ళేముందు బ్రెట్ గది తలుపు తట్టాడు.

"ఎడమ పక్క ఆడే కుర్రాడికి మోకాలు ఇంకా నొప్పి. చెప్పడు. మీరే కనిపెట్టుకుని ఉండాలి, కోచ్."

బ్రెట్ తల ఎత్తలేదు. "తలుపు వేసి వెళ్ళు."

మరుసటి ఏడు ఆ కుర్రాడు మూడో ఆటలోనే కుప్పకూలాడు. ట్రెవాన్ వేరే జట్టుకి పోయాడు. కొత్త అసిస్టెంటు బ్రెట్ ఏమన్నా "సూపర్, కోచ్" అనేవాడు. వెనక ఒకణ్ణి ఉంచుదామనే మనిషి లేకుండా పోయాడు.

పదిహేడు ఆటల్లో నాలుగు గెలిచారు.

జనవరిలో గార్నర్ పిలిపించాడు. బ్రెట్‌కి కబురేమిటో ముందే తెలుసు.

"నా చోట ఎవరిని తెస్తున్నారు?"

"ఇంకా ఎవరూ లేరు. పోయిన వారం వెర్నన్‌కి ఫోన్ చేశాను."

బ్రెట్‌కి నవ్వొచ్చింది. "ఆ ముసలాడికా? నా కుర్చీ ఇవ్వడానికా?"

"వాళ్ళావిడ జూన్ తీసింది. అక్టోబరులోనే పోయాడట. ఏదో ఊళ్ళో స్కూలు పిల్లలకి ఆట నేర్పుతూ, మైదానంలోనే. గుండె."

బ్రెట్ నవ్వు సగంలో ఆగింది.

"నాకెవరూ చెప్పలేదు."

"ఎవరు చెప్తారు? నువ్వు తీసేసిన మనిషి కదా."

బయట ఎవరో పారతో మంచు తోడుతున్నారు. బ్రెట్ లేచి కోటు అందుకున్నాడు.

"అయినా ఆయన అసిస్టెంటే కదండీ. అంతకంటే పెద్ద పని ఆయనకి ఎవరన్నా ఇచ్చారా?"

గార్నర్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"నేనిచ్చాను. ఐదేళ్ళ కిందట నీ కుర్చీ మొదట అతనికే ఇస్తానన్నాను. 'అయోవాలో ఒక చిన్న కాలేజీలో బ్రెట్ అని ఒకడున్నాడు, వర్షంలో నిలబడి వాడి ఆటలు నాలుగు చూశాను, నాకంటే బుర్రున్నవాడు, పని వాడికివ్వండి, నేను వాడి కింద ఉంటాను, ఈ సంగతి మాత్రం వాడికి చెప్పకండి, చెబితే నా మాట వినితీరాలనుకుంటాడు' అన్నాడు."