దీవెన కట్టిన క్రేను

"ఈ పళ్ళచక్రం అవతలి పక్క ఉండాల్సింది," అన్నాడు లేవి. కంప్యూటరు తెర మీద క్రేను పిడి తిప్పితే, పైకి లేవాల్సిన కొక్కెం కిందికి దిగుతోంది.

అసలు క్రేను పక్కనే బల్ల మీద ఉంది. వాళ్ళ పదకొండేళ్ళ కూతురు దీవెన వేసవి సెలవులన్నీ కూర్చుని ప్లాస్టిక్ ముక్కలతో బిగించిన బొమ్మ అది. జ్వరంతో ఆ పిల్ల పోయి ఏడాది కావస్తోంది. రేపు దాన్ని విప్పి బద్వేలు చర్చి పిల్లలకు ఇచ్చేద్దామని లేవి, రత్నమణి అనుకున్నారు. ఆలోగా ముక్క ముక్కా చూసి కంప్యూటరులో అచ్చం అలాంటిదే కడుతున్నాడు లేవి.

అనుమానం వచ్చి అసలు క్రేను పిడి తిప్పాడు. దాని కొక్కెం కూడా కిందికే దిగింది.

"పాపే తప్పు బిగించిండాది రత్నా. తెర మీదన్నా సరిచేస్తా."

"వద్దు." రత్నమణి అతని చెయ్యి పట్టుకుంది. "పాపకు తెలుసు. 'నాయనకు చెప్పొద్దు మా, చెప్తే ఆయనే చేసేస్తాడు. నేనే కనుక్కుంటా' అనింది."

"కనుక్కోలేదా?"

"ఆస్పత్రిలో పండుకోని గూడా అడిగింది. 'క్రేను ఎవురూ ముట్టుకోలేదు కదా మా' అని."

లేవి తెర మీది చక్రాన్ని అట్లే వదిలేశాడు. తర్వాత అసలు క్రేను పిడిని మెల్లగా వెనక్కి తిప్పి, తాను దించిన కొక్కేన్ని పైకి లేపాడు.

"పాప ఈడనేనా వదిలిపెట్టింది?"

రత్నమణి కళ్ళు తుడుచుకుంది.

"ఇంకొంచెం పైకి."