తాళంచెవుల ఉద్యోగం

అక్షరాలు ఆలస్యంగా దిద్దుకున్నదాన్ని. ఒత్తులూ దీర్ఘాలూ ఎక్కడైనా జారితే మీరే సరిచేసుకుని చదవండి. రాయడం నాకు నత్తనడకే, అందుకే కథ పొట్టిది.

"ఇవాళ కూడా ఆ ఇల్లు అమ్ముడుపోకపోతే తాళంచెవులు నా బల్లమీద పెట్టేసి వెళ్ళిపో," అన్నాడు ఇళ్ళ వ్యాపారి, ఫోనులోంచి తల ఎత్తకుండానే.

ఆయన దగ్గర ఇళ్ళు చూపించే పని చేస్తున్న ఆమె తాళంచెవులు కొంగున ముడేసుకుని బయటపడింది. అమ్ముడుపోకపోతే ఉద్యోగం పోతుంది. అమ్ముడుపోతే తలదాచుకునే చోటు పోతుంది. ఎందుకంటే కొన్నాళ్ళుగా ఆ ఇంట్లోనే, వెనకగదిలో, అత్తగారినీ కూతురినీ పెట్టుకుని ఆమె గుట్టుగా రోజులు నెట్టుకొస్తోంది. ఆఫీసు చేతిలో మిగిలిన ఇల్లు అదొక్కటే. తక్కినవన్నీ ఉత్త స్థలాలు. వాటికి హద్దురాళ్ళు తప్ప గోడలు లేవు.

కొనేవాళ్ళు వస్తున్నారంటే చాలు, అత్తగారు చాపలు చుట్టి అటకెక్కించి, మనవరాలిని పార్కుకి తీసుకుపోతుంది. వచ్చినవాళ్ళకి ఈమె ఇంటి లోపాలన్నీ ఏకరువు పెడుతుంది. వాళ్ళు మెల్లగా జారుకుంటారు. ఇన్నాళ్ళూ అలా నడిచింది.

ఆ మధ్యాహ్నం వచ్చింది ఓ పెద్దాయనా, ఆయన భార్యా. నున్నగా దువ్వుకున్న తలలు, భుజాన బరువైన సంచి. ఏం చెయ్యాలో తేలక ఈమె నోరు పాత అలవాటు ప్రకారమే నడిచింది. పడమటి ఎండ ఇంటిని కాల్చేస్తుందని చెప్పింది. బట్టలు తొందరగా ఆరతాయిలే అన్నాడాయన. వానొస్తే కాలవ కంపు అంది. కిటికీ మూసుకుంటే సరి అందావిడ.

బేరం కుదిరేట్టే ఉంది. ఆవిడ బాత్రూములోకి వెళ్ళి, తీరిగ్గా కాళ్ళూ చేతులూ మొహం కడుక్కుని వచ్చింది. ఆయన ఫ్యాను కింద కాళ్ళు చాపుకు కూర్చుని, గచ్చు చల్లగా ఉందని మెచ్చుకున్నాడు. ఈమె వెనకగది వైపు చూసింది. అత్తగారికి ఏమని చెప్పాలి? పిల్లని ఏ గోడ పక్కన పడుకోబెట్టాలి?

ఇంతలో ఆవిడ బాత్రూము తలుపు వెనక చెయ్యి పెట్టి ఒక చిన్న గౌను బయటికి తీసింది. ఇంకా తడిగానే ఉంది.

"ఖాళీ ఇల్లన్నావు కదమ్మా?"

ఈమె గోడకి జారగిలబడింది. మా యజమానికి చెప్పొద్దని చేతులు జోడించింది.

ఆవిడ గౌనుని దండెం మీద ఆరేసి వచ్చి, పక్కన కూర్చుంది. చదువుకున్నదానిలా ఉన్నావు, ఈ తిరుగుడు పనిలోకి ఎందుకొచ్చావని మెల్లగా అడిగింది. కమిషను బాగా వస్తుందనీ, పదిమందితో పరిచయాలవుతాయనీ ఆఫీసులో అందరూ చెప్పే జవాబు నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది.

"తాళంచెవులు చేతికిస్తారని, పిన్నిగారూ."

ఆవిడ మొగుడి వైపు చూసింది. ఆయన లేచి వెళ్ళి వీధి తలుపు దగ్గరగా వేసి వచ్చాడు.

"ఏమీ అనుకోకు తల్లీ," అన్నాడు చివరికి. "మా చేత ఇల్లు ఖాళీ చేయించినప్పట్నించీ పగలంతా ఇలా కొనేవాళ్ళలా ఇళ్ళు చూస్తూనే గడుపుతున్నాం. మీ ఆఫీసులో మా వయసువాళ్ళని పనిలోకి తీసుకుంటారా?"

— పాపాయత్త, అరవై ఏడేళ్ళు. ప్రస్తుతం మరిదిగారి ఇంట్లో, మెట్లకింది గది.