చెవి తెగని పిల్లి

"కోసి చూస్తారా డాక్టరమ్మా? చచ్చిపోదు కదా?"

బుట్ట బల్ల మీద పెట్టకుండానే అడిగాడు అర్గీరిస్. డెబ్బై దాటిన మనిషి. గ్రీసులోని వోలోస్ రేవులో చేపల పడవల ఇంజన్లు బాగుచేసి బతికినవాడు.

డాక్టర్ ఎవాంథియా మూత తీసింది. లోపల బూడిదరంగు ఆడపిల్లి. మూత ఆమె చేతిలోనే ఉండిపోయింది.

"అసలు సంగతేంటి బాబాయ్?"

"మా ఓనరమ్మ పగోనా నా ప్రాణాలు తోడేస్తోంది. దీని చెవి కొస తెగలేదు కాబట్టి పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ కాలేదంటుంది. ఇది ఈనితే మెట్లనిండా పిల్లులేనట! అయిందని రేపటికల్లా కాగితం తేవాలి. లేదంటే వీధిలోకి విసిరేస్తుందట. ఎవరో డాక్టరుకి ఫోన్ చేస్తే, మచ్చ దొరక్కపోతే మత్తిచ్చి కోసి చూడాలన్నాడు. మా పక్కింటి పిల్లి ఆ మత్తులోనే పోయిందమ్మా!"

ఆ ఊళ్లో వీధిపిల్లికి ఆపరేషన్ చేస్తే చెవి కొస కత్తిరిస్తారు. పసిపిల్లలకి కూడా తెలిసిన గుర్తు. ఓనరమ్మకి తెలియకుండా ఉంటుందా?

"మత్తు వద్దు. దీని గుండె తట్టుకోదు," అంది ఎవాంథియా. స్టెతస్కోపు ఇంకా మెడలోనే వేలాడుతోంది.

అర్గీరిస్ కుర్చీలో కూలబడ్డాడు.

"అయితే నా పని అయిపోయినట్టే. మా ఆవిడ పోయాక నేను పొయ్యి వెలిగించలేదమ్మా. ఓ పొద్దున ఇది బాల్కనీలోకి దూకి ఒకటే అరుపు. దీనికి చేప ఉడకేస్తూ నేనూ ఇంత తింటున్నాను. ఇది లేకపోతే ఇంకెవరి కోసం వండను?"

ఎవాంథియా మామూలుగా మచ్చ ఉండే పొట్ట మధ్యలో వెతకలేదు. ఎడమ డొక్క దగ్గర వెంట్రుకలు పాయ తీసింది. పిల్లి కిక్కురుమనలేదు.

"ఓరి దీని దుంపతెగ! నన్ను తప్ప ఎవర్నీ ముట్టనివ్వదే!"

"ఇదిగో మచ్చ. ఆపరేషన్ ఎప్పుడో అయింది బాబాయ్."

ముసలాయన పిల్లిని గుండెకి హత్తుకుని భోరుమన్నాడు. అంతలోనే ముఖం మాడిపోయింది.

"ఆపరేషనయింది, చెవి కొయ్యలేదు. అంటే వీధిపిల్లి కాదన్నమాట. ఎవరో పెంచుకున్నారు. వాళ్లొస్తే?"

"రారు."

"మీకేం తెలుసు? చర్మం కింద పెంచినవాళ్ల వివరాలుండే చిప్పు ఉంటుందటగా, చూడండి. ఎవరిదైనా అయితే... ఇచ్చేస్తాను." ఆ చివరి మాట సగం నోట్లోనే ఉండిపోయింది.

"ఆ మిషను పాడైంది. పేరేం పెట్టారు?"

"మారిగో. మా ఆవిడ పేరు."

ఎవాంథియా కాగితం మీద ఆ పేరే రాసి ముద్ర వేసింది. చేపలో ఉప్పు వెయ్యొద్దని రెండుసార్లు చెప్పింది.

ఆయన బుట్టతో వీధి మలుపు తిరిగేదాకా చూసి, ఫోన్ తీసి, ఏడు నెలలుగా ప్రతి ఉదయం తాను పెడుతున్న ప్రకటనని తీసేసింది: "నా బూడిదరంగు పిల్లి తప్పిపోయింది, ఎవరికైనా కనిపిస్తే దయచేసి చెప్పండి."