బోర్డు మీద పేరు

యాభై రెండేళ్లయినా, ఆ నల్లబోర్డును చూడగానే దర్జీ ఆవిడకి అరచేతులు చురుక్కుమన్నాయి.

వచ్చేవారం ఆ ప్రాథమిక పాఠశాలను కూల్చేస్తున్నారు. ఆఖరిసారి చూసుకుందామని ఆనాటి మూడో తరగతి పిల్లలు ఓ పాతికమంది వచ్చారు. అందరికీ జుట్టు నెరిసింది. చిన్న బెంచీల్లో మోకాళ్లు పట్టక పక్కకు తిరిగి కూర్చున్నారు. పలక మీద ఉమ్మేసి మోచేత్తో తుడిచిన రోజులు తలచుకుని నవ్వుకుంటున్నారు.

దర్జీ నవ్వలేదు. ఆవిడ ఒక్క మనిషి కోసం ఎదురుచూస్తోంది.

ఆ మనిషి పని మీంచి నేరుగా వచ్చాడు. ఇప్పుడు తాపీమేస్త్రీ. ఒకప్పుడు క్లాసు లీడరు. ఈ బడి కూల్చే పని ఒప్పుకున్నదీ అతనే. భుజం మీద ముళ్లు వేసిన దారం వేలాడుతోంది. ఎంత పెద్ద ఇల్లయినా టేపు పట్టడు, ఆ దారంతోనే కొలుస్తాడు. పాతకాలం మనిషని అందరూ వేళాకోళం చేస్తారు. గుమ్మంలో సంతకాల పుస్తకం అందిస్తే, "చేతులకి సిమెంటురా, నువ్వే పెట్టెయ్" అని తనతో చదివిన పోస్ట్‌మ్యాన్ వైపు నెట్టాడు.

"నా చదువు కూల్చింది చాల్లేదా? బడి కూడా కూలుస్తున్నావా?" అంది దర్జీ.

నవ్వులు ఆగిపోయాయి.

"ఏం వసపిట్టా, ఇంకా మర్చిపోలేదా?" అన్నాడు మేస్త్రీ.

ఆ మాటతో ఆవిడకు ఒళ్లు మండింది. మూడో తరగతిలో ఆవిడ నోరు విప్పని పిల్ల. ఆకలేస్తోందా అంటే కూడా తలే ఊపేది. అలాంటి పిల్లకు వసపిట్ట అన్న పేరు పడింది ఈ బోర్డు వల్లే.

అప్పట్లో రెండు గదులకూ ఒక్కరే పంతులమ్మ. పక్క గదిలోకి వెళ్తూ లీడరు చేతిలో సుద్దముక్క పెట్టేది. మాట్లాడినవాళ్ల పేర్లు బోర్డు మీద రాయాలి. పేరున్నవాళ్లకు బెత్తంతో ఆరు దెబ్బలు. బోర్డు ఖాళీగా ఉంటే ఆ ఆరూ లీడరుకే. అందరికంటే పొడుగు, బోర్డు పై అంచు అందుతుంది అని అతణ్ణి లీడరును చేసింది. మరే అర్హతా చూడలేదు.

ఏడాది పొడుగునా బోర్డు మీద ఒక్కటే పేరు. దర్జీది.

"చేతులు వాచిపోయి జడ కూడా వేసుకోలేకపోయేదాన్ని," అంది ఆవిడ. "మా నాన్న ఏమన్నాడో తెలుసా? 'వాగడానికి బడెందుకు, ఇంట్లో కూర్చుని వాగు' అని మాన్పించేశాడు. నాలుగో తరగతి గుమ్మం తొక్కలేదు నేను. లెక్కల్లో నన్ను మించినవాళ్లు ఉన్నారా ఇక్కడ?"

"పోనీలే తల్లీ, ఎప్పటి సంగతో," అన్నాడు పోస్ట్‌మ్యాన్.

"నువ్వూరుకో. వాచింది నీ చేతులా?"

మేస్త్రీ గొంతు సవరించుకున్నాడు. "బోర్డు ఖాళీగా ఉంటే నాకు పడేవి."

"తెలుసు! ముప్పై మందిమి ఉన్నాంగా. రోజుకొకళ్ల పేరు రాస్తే నీ సొమ్మేం పోయింది? నా మీదే ఎందుకురా అంత కక్ష? నీకేం అపకారం చేశాను? వెనక బెంచీలోంచి లెక్కలు దించుకుంటుంటే, పలక పక్కకి జరిపి మరీ చూపించానే! లెక్కలతో పాటు పైన నా పేరూ దించేశావు. పంతులమ్మ దగ్గరికి ఒకే పేరుతో రెండు పలకలు వెళ్లాయి, గుర్తుందా?"

గది గొల్లుమంది. మేస్త్రీ మాత్రం దారం ముళ్లను వేళ్లతో తడుముకుంటూ నిలబడ్డాడు.

"అందరి ముందూ ఒప్పుకో," అంది దర్జీ. "కక్ష కట్టి రాశానని చెప్పు. ఆ ఒక్క మాట విని పోదామనే వచ్చాను."

"కక్షేం లేదు."

"అయితే నేను మాట్లాడానా?"

"లేదు."

"మరెందుకు రాశావు?"

ఆవిడ బల్ల మీదున్న సుద్దముక్క తీసి అతని అరచేతిలో కుక్కింది.

"సరే లీడరూ. ఇప్పుడు ఇక్కడ అందరూ మాట్లాడుతున్నారు. వీళ్లలో నీ ఇష్టమొచ్చిన పేరు ఒక్కటి రాయి. నాది కాకుండా. అదే క్షమాపణ అనుకుని దణ్ణం పెట్టి వెళ్లిపోతాను."

"నా పేరు రాసెయ్‌రా బాబూ, ఇప్పుడు బెత్తం లేదుగా!" అన్నాడు పోస్ట్‌మ్యాన్.

మేస్త్రీ బోర్డు దగ్గరికి నడిచాడు. సుద్దముక్క పట్టుకున్న చెయ్యి చాలాసేపు గాల్లోనే ఉండిపోయింది. చివరికి, ఇటుక మీద ఇటుక పేర్చినట్టు, ఒక్కో అక్షరమే రాసి పక్కకు జరిగాడు.

దర్జీ పేరు.

"చూశారా!" అంది ఆవిడ. "వీడి కుళ్లు ఇంకా చావలేదు! కాటికి కాళ్లు చాచుకున్నా వీడు మారడు!" డస్టరు అందుకుని అతని మొహం మీదికి విసరబోయింది.

మేస్త్రీ తప్పుకోలేదు. బోర్డు వైపే చూస్తూ అన్నాడు.

"నీ పలక చూసి దించిన ఆ పేరొక్కటి తప్ప, నాకు ఈ రోజుకీ ఇంకేదీ రాయడం రాదు."