మూడో తనిఖీ

తొమ్మిదిన్నరకి బెల్లు మోగింది. ఎడమ అంచున నొక్కి పట్టుకుంటే గానీ మోగని మొండి బెల్లు అది. పోస్టుమాన్ కూడా విసిగిపోయి తలుపే బాదుతాడు. అలాంటిది ఒక్క నొక్కుకే మోగింది. తనిఖీ ఆవిడంటే బెల్లుకి కూడా భయమే కాబోలు.

సీసాలాయన చేతులు ఇంకోసారి కడుక్కుని, తలమీద టోపీ సర్దుకుని తలుపు తీశాడు.

వీధిలో అందరికీ ఆయన సీసాలాయనే. ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపి, రిటైరయ్యాక నారింజ జామ్ పట్టుకున్నాడు. ఆ చేతిలో ఏముందో గానీ, ఒకసారి నాలిక్కి తగిలితే ఆ రుచి ఇక వదలదు. అయితే ఏం లాభం? ఆహార సహకార సంఘం దుకాణంలో సీసా పెట్టాలంటే ముందు వంటింటి తనిఖీ గట్టెక్కాలి. రెండుసార్లు తప్పాడు. మొదటిసారి చెత్తబుట్టకి మూత లేదు. రెండోసారి లేబుళ్ళ మీద తేదీ లేదు. మూడోసారీ తప్పితే ఏడాది దాకా సంఘం గుమ్మం ఎక్కనివ్వరు. నూట ఇరవై సీసాలు అలమరలో బుద్ధిగా కూర్చుని తీర్పు కోసం ఎదురుచూస్తున్నాయి.

"నమస్కారమండీ. సంఘం నుంచి వచ్చాను," అంటూ ఆవిడ మెళ్ళో కార్డు ఎత్తి చూపించింది.

"రండి. కాసిని మంచినీళ్ళు..."

"నియమం నాలుగు," అందావిడ, కాళ్ళు పట్టామీద తుడుచుకుంటూ.

తనిఖీకి వచ్చినవాళ్ళు మంచినీళ్ళయినా ముట్టకూడదు. చుట్టరికాలూ చమత్కారాలూ గుమ్మం అవతలే. అదీ నియమం నాలుగు. తనిఖీ చెయ్యడానికి పరీక్ష రాసి పాసైంది సంఘం మొత్తానికి ఆవిడొక్కతే. సంఘానికి గుడ్లు వేసే కోడిగుడ్లాయన ముందే చెప్పాడు: "ఆవిడవి కళ్ళు కావు బాబూ, దబ్బనాలు. కన్నతండ్రి గుడ్డు తెచ్చినా పగలగొట్టి చూస్తుంది."

వంటిల్లు కాస్త చీకటిగా ఉంది. ఆవిడ ఫ్రిజ్ వెనక చెయ్యి పెట్టి లైటు వేసింది. పొయ్యి చూసింది. గరిటెలు తిప్పి చూసింది. చెత్తబుట్ట మూత కాలితో నొక్కి చూసింది. వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. సీసాలాయన ప్రాణం కుదుటపడింది.

అప్పుడు ఆవిడ సింకు దగ్గర ఆగింది.

"ఈ కాఫీ కప్పు?"

ఆయన తొంగి చూశాడు. అడుగున కాఫీ ఎండి అట్టకట్టింది.

"నాది కాదండీ. మా ఆవిడది. పొద్దున్నే తాగేసి అలా వదిలేసి పోతుంది."

"కడగమని చెప్పలేదా?"

"నలభై ఏళ్ళుగా చెప్తున్నానండీ. గోడకి చెప్పినా ఈపాటికి ఓ పెచ్చు రాలేది."

ఆవిడ గొంతు సవరించుకుని కాగితం మీద రాసుకుంది.

తర్వాత కిటికీలో దువ్వెన. పొయ్యికి మూరెడు దూరం. పళ్ళ మధ్య రెండు పొడుగాటి వెంట్రుకలు.

"ఇదీ ఆవిడదేనా?"

సీసాలాయన టోపీ ఎత్తి నున్నటి బట్టతల చూపించాడు. "నాకు దువ్వెనతో ఏం పనండీ?"

"టోపీ పెట్టుకోండి," అంది ఆవిడ, మళ్ళీ రాస్తూ.

ఆ తర్వాత అలమర. మూడో వరసలో ఒక సీసా మూత వదులుగా ఉంది. విప్పి చూస్తే జామ్ మధ్యలో ఇంత లోతు గుంట.

"అమ్మే సరుకూ ఇంటి సరుకూ వేరుగా ఉండాలి. నియమం పదకొండు."

"తెలుసండీ. నేను ముట్టలేదు, నాకు షుగరు. మా ఆవిడే. పిల్లిలాగా చప్పుడు లేకుండా తినేస్తుంది. అడిగితే వేడికి కుంగిందంటుంది."

"వేడికి కుంగుతుందేమో," అందావిడ కాగితంలోంచి తలెత్తకుండా.

"చెంచా ఆకారంలోనా అండీ?"

ఆవిడ కలం ఆగింది. "ఇంట్లో అందరూ నియమాల పుస్తకం చదవాలి. ఆవిడచేత చదివించారా?"

"అయ్యో, ఆవిడకి కంఠతా వచ్చండీ. ఊరందరికీ చెప్తుంది. గుమ్మం దాటి ఇంట్లోకి అడుగుపెట్టేసరికే ఎక్కడో జారిపోతుంది."

ఇన్నాళ్ళుగా కడుపులో దాచుకున్న మాట. అనేసరికి ఒళ్ళు తేలికపడింది. అంతలోనే కాగితం మీద మూడు అడ్డగీతలు కనబడ్డాయి. తేలికపడిన ఒళ్ళు మళ్ళీ బరువెక్కింది.

"మనిషి మంచిదేనండీ," అన్నాడు గబగబా. "మనసు వెన్న, చేతికే తొందర. ఏమాటకామాటే చెప్పుకోవాలి, మొదటిసారి తప్పినప్పుడు ఆ మూతున్న చెత్తబుట్ట మోసుకొచ్చింది ఆవిడే."

ఆవిడ చెత్తబుట్ట వైపోసారి చూసింది.

"మూడు తప్పులు," అంది. "తనిఖీ తప్పడానికి ఒక్కటి చాలు."

సీసాలాయన అలమర వైపు చూశాడు. నూట ఇరవై సీసాలూ ఆయన్నే చూస్తున్నట్టున్నాయి.

"ఇంక దారే లేదా అండీ?"

ఆవిడ పుస్తకం తిరగేసింది. చివరి పేజీ దగ్గర వేలు ఆగింది.

"నియమం పద్దెనిమిది. నేను సంతకం పెట్టేలోపు దిద్దుకుంటే తప్పు లెక్కలోకి రాదు. కాకపోతే చేసినవాళ్ళే దిద్దుకోవాలి. మీరు ముట్టుకుంటే చెల్లదు."

"సంతకం ఎన్నింటికి?"

"పది దాటకూడదు."

గోడగడియారంలో పదికి పది నిమిషాలుంది.

"మా ఆవిడ డ్యూటీలో ఉందండీ," అన్నాడు సీసాలాయన నీరసంగా. "డ్యూటీలో ఉండగా ఇంటిపని ముట్టుకునే రకం కాదు."

ఆవిడ గడియారం వైపు చూసింది, ఆయన వైపు చూసింది, మెళ్ళో కార్డు తీసి ఆయన చేతిలో పెట్టి, సింకు ముందుకెళ్ళి, పొద్దున్న తను తాగి వదిలేసిన కప్పు అందుకుంది.