తొమ్మిది నిమిషాల షాటు

“ఛీ! వీడసలు మనిషేనా?”

పెద్దావిడ రిమోటు బల్ల మీద విసిరేసింది. తెర మీద బొమ్మ ఆగిపోయింది. ఆస్పత్రి వార్డు. మంచం మీద ముసలాయన. చెయ్యి చాచినా నీళ్ళ సీసా అందడం లేదు.

డాక్యుమెంటరీల పోటీకి న్యాయనిర్ణేతలు ఇద్దరే. ఆవిడా, ఓ ప్రొఫెసరూ. తీసినవాళ్ళ పేరూ వివరాలూ తెలుసుకోకుండా సినిమా చూడాలన్నది అక్కడి నియమం. వడపోతలన్నీ అయ్యాక ఈ సినిమా ఒక్కటే మిగిలింది. ఇద్దరూ సంతకం పెడితే మొదటి బహుమతి దీనిదే.

“నీళ్ళు బాబూ, నీళ్ళు” అని ముసలాయన తొమ్మిది నిమిషాలు అడిగాడు. కెమెరా వైపే చూసి అడిగాడు. పక్క తడుపుకున్నాడు. ఆఖరికి సీసా కోసం వంగి దబ్బున కిందపడ్డాడు. కెమెరా అంగుళం కదల్లేదు.

“అదొక పద్ధతి మేడమ్” అన్నాడు ప్రొఫెసర్, క్లాసులో పాఠం చెప్పే ధోరణిలో. “కొందరు వెనక నుంచి వ్యాఖ్యానం చెబుతారు. కొందరు తామే తెర మీదికొచ్చి ప్రశ్నలడుగుతారు. ఇతను గోడ మీద బల్లిలా చూస్తాడంతే. జోక్యం చేసుకోడు. ఎంత నిగ్రహమో చూడండి!”

“నిగ్రహమా నా మొహమా! గుక్కెడు నీళ్ళిస్తే పద్ధతి చెడిపోతుందా? పైగా ఆ రొప్పు విన్నారా?”

ప్రొఫెసర్ కూడా విన్నాడు. కెమెరా వెనక ఎవరో గస పెడుతున్న చప్పుడు. ముసలాయన పడ్డప్పుడు అది మరీ ఎక్కువైంది. మంచి షాటు దొరికిందన్న సంబరం కాబోలు అనుకుంది ఆవిడ. ముప్ఫై ఏళ్ళుగా తనూ డాక్యుమెంటరీలు తీస్తోంది. ఎదుటివాళ్ళ ఏడుపు చూడలేక కెమెరా దించేసిన రోజులున్నాయి. ఇలాంటివాడూ తనూ ఒకే పని చేస్తున్నందుకే రోత పుట్టింది.

“నేను సంతకం పెట్టను. ఈ ఏడు మొదటి బహుమతే వద్దు.”

ప్రొఫెసర్ నచ్చజెప్పబోయాడు. ఆవిడ ససేమిరా అంది. కాగితం లాక్కుని ‘తిరస్కరించడమైనది’ అని బరబరా గీకేసింది.

“కింద హాల్లో కూర్చున్నాడటగా మహానుభావుడు? పిలిపించండి. చేతులు పడిపోయాయా అని మొహం మీదే అడిగేస్తాను.”

కబురెళ్ళింది. కాసేపటికి తలుపు తెరుచుకుంది.

నర్సు చక్రాల కుర్చీలో తోసుకొచ్చిన ఆ దర్శకుడికి మెడ కింద ఏదీ కదలదు, గొంతులోంచి గస తప్ప మాట రాదు, వార్డులో ముసలాయనకి ఎదురుగా, కెమెరా బిగించి ఉన్న మంచం అతనిదే.