మగ్గం ఆగిన రోజు

"మగ్గం ఆపు నాయనా! ఆ సద్దుకే చేప బెదురుతాండాది," అనింది పద్మజ.

బెంగళూరు నుంచి ధర్మవరం దాకా బస్సు కుదుపులు, సంచిలో మురిగిన నీళ్ళు. మంచి నీళ్ళలోకి మార్చినా, ఆమె కొనుక్కొచ్చిన కోయి అనే రంగుల చేప తొట్టి అడుగునే నక్కింది.

"మేతేద్దామా?" అన్నాడు ఆమె తండ్రి నారాయణస్వామి.

"ఈ పొద్దు వద్దు. చీకటిగా, సద్దు లేకుండా ఉంటే చాలు."

మగ్గం ఆగింది.

పట్టుదారం కండెలకు చుడుతున్న కుళ్ళాయమ్మ మొగుణ్ణి చూసింది. "నాకు జ్వరమొచ్చినపుడు గూడా ఆగలేదే ఇది!"

ఆయన మగ్గం గుంతలోంచి లేచి, ఆమెకు కాఫీ పెట్టుకొచ్చాడు.

సాయంత్రానికి చేప పైకొచ్చి తోకాడించింది. నారాయణస్వామి సంబరంగా మగ్గం గుంతలోకి దిగబోయాడు.

కుళ్ళాయమ్మ గబుక్కున తొట్టి మీద తువ్వాలు కప్పేసింది.

"ఇంగా యాడ తేరుకుండాది? రేపు గూడా కాఫీ నువ్వే పెట్టు."